బొటనవేలు నొక్కాల్సినవాడు

ఆ సినిమా హాల్లో బాల్కనీ నుంచి దిగడానికి రెండు దారులున్నాయి. ముందు వైపు వెడల్పాటి మెట్లు, అద్దాలు, పోస్టర్లు. పక్క వైపు ఇరుకు మెట్లు. సగం దిగాక ఒక మలుపు వస్తుంది. అక్కడ కిటికీ లేదు. బల్బు పెడితే వారం తిరక్కుండానే మాడిపోయేది. పగటి ఆటకి వచ్చినవాళ్లకి కూడా ఆ మలుపులో రాత్రే.

అక్కడ ఎవరూ ఆగేవాళ్లు కాదు.

ఆగితే కాలికి కాలు తగిలేదంటారు. చెప్పు లేని కాలు. ఫోను లైటు వేసి చూస్తే ఏమీ ఉండేది కాదు... సిమెంటు, నలిగిన టికెట్టు ముక్కలు. "ఎవరండీ?" అని అడిగితే మాత్రం పై మెట్ల మీద నుంచి ఒక ఆడగొంతు పలికేది — మెల్లగా, ఏ కోపమూ లేకుండా.

"ఆగండి. లేస్తారు."

ఈ సంగతి నాకు చెప్పినవాడు ఆ హాల్లో సీట్లు చూపించే మనిషి. చేతిలో ఎప్పుడూ టార్చి ఉంటుంది కాబట్టి అందరూ అతన్ని టార్చి అనే పిలుస్తారు. దెయ్యాల మీద నమ్మకం ఉందా అని అడిగాను.

"చీకట్లో పనిచేసేవాడికి అలాంటివి ఉంటే జీతం గిట్టదండీ" అన్నాడు.

అతను చెప్పింది చెప్పిన వరసలోనే రాస్తున్నాను.

*

సినిమాల్లో శవం వేషాలు వేసే పెద్దాయన ఒకడుండేవాడు. షూటింగుల్లో అందరూ ఆయన్ని శవం బాబాయ్ అనేవాళ్లు. ఆయనకీ ఆ పిలుపు మీద కోపం లేదు. పెళ్లిలో కూలిపోయిన పెద్దమనిషి, ఆసుపత్రి మంచం మీద తండ్రి, నదిలో తేలిన అనామకుడు — అన్నీ ఆయనే. ముఖం కనిపించేది తక్కువ. కనిపించినా కళ్లు మూసి ఉండేవి.

శవం వేషానికి ఒక పద్ధతుంది. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి పడుకున్నవాడికి కెమెరా ఎప్పుడు ఆగిందో తెలియదు. కట్ అన్న కేకని నమ్మడానికి లేదు. అది పక్క గదిలో వేరే షాటుది కావచ్చు, ఎవడో సరదాకి అరిచిందీ కావచ్చు. అందుకని అసిస్టెంటు డైరెక్టరు వచ్చి కాలి బొటనవేలు నొక్కాలి. నొక్కితేనే శవం లేవాలి.

మిగతావాళ్లు వీలును బట్టి పాటించేవాళ్లు. బాబాయ్ మాత్రం వేలు నొక్కనిదే కదిలిన పాపాన పోలేదు. ఒకసారి అసిస్టెంటు మరిచిపోయి భోజనానికి వెళ్తే, అందరూ తిని చేతులు కడుక్కుని వచ్చేదాకా అలాగే పడుకుని ఉన్నాడు. ఆ కథ చెప్పుకుని చాలా ఏళ్లు నవ్వుకున్నారు.

లేవగానే ఒకటే అడిగేవాడు.

"ఎలా వచ్చింది?"

"బాగా వచ్చింది బాబాయ్" అనేవాడు అసిస్టెంటు, వేరే వైపు చూస్తూ.

బాబాయ్ భార్య ఆయన సినిమా ఒక్కటీ చూడలేదు. "పొద్దున లేస్తే ఎదురుగా ఉండే మనిషిని తెర మీద అలా చూడమంటారా?" అనేది. ఇంట్లో ఆయన్ని నిద్ర లేపేది కూడా ఆవిడే, బొటనవేలు నొక్కి. ఇంకో రకంగా లేపితే లేచే అలవాటు పోయింది ఆయనకి.

అలాంటి మనిషికి ఆ సినిమా వచ్చింది.

అదో వింత సినిమా. చచ్చినవాళ్లు లేచి వస్తారు. ఎవరినీ కరవరు, తరమరు. తిన్నగా ఇంటికొచ్చి తమ కుర్చీలో కూర్చుంటారు. నా చెప్పులు ఎవరు తీశారు, గోడ రంగు ఎందుకు మార్చారు, ఈ కొత్త పరదాలు ఎవరి తెలివి — ఇదే గొడవ. ఏడ్చి సాగనంపిన మనిషిని మళ్లీ ఎలా వదిలించుకోవాలో తెలియక ఇంటిల్లిపాదీ జుట్టు పీక్కుంటారు. అందులో మొదట లేచే శవం బాబాయే. లేచి, అటూ ఇటూ చూసి, "నా చెప్పులు ఎవరు తీశారు?" అంటాడు. ఆయన నోట తెర మీద వచ్చిన మొదటి మాట అది.

"ఈసారి నువ్వు రావాలి" అన్నాడట భార్యతో. "ఈ సినిమాలో నేను లేస్తాను."

ఆవిడ వస్తానంది.

*

విడుదల రోజున డైరెక్టరుకి ఒక ఆలోచన వచ్చింది. ఆలోచన అసిస్టెంటుదని తర్వాత అసిస్టెంటే చెప్పుకున్నాడు. బాబాయ్‌కి మేకప్ వేసి పక్క మెట్ల మలుపులో పడుకోబెట్టాలి. ఆట వదిలాక జనం దిగుతారు. వాళ్లు చుట్టూ చేరగానే అసిస్టెంటు వేలు నొక్కుతాడు. శవం లేచి చెప్పులు అడుగుతుంది. జనం కెవ్వుమంటారు. ఆ వేడి మీద మైకు పట్టుకుని సినిమా ఎలా ఉందని అడగాలి. జనం అభిప్రాయాలు అడిగి వీడియోలు పెట్టే అమ్మాయి ఒకతె ఉంది. ఆమెను పిలిచారు. లైటు ఒకటి బిగించారు.

పగటి ఆటకి బ్రహ్మాండంగా కుదిరింది.

సాయంత్రం ఆటకి బాబాయ్ భార్య వచ్చింది. ఇస్త్రీ చీర, చేతిలో చిన్న సంచి. టార్చే ఆవిడకి సీటు చూపించాడు. మెట్ల మీద భర్త పడుకుని ఉంటాడని ఆవిడకి తెలుసు. నవ్వొచ్చినా నవ్వకూడదని ఆయన చెప్పి పంపాడు.

ఆట చివరికి వస్తుండగా బాబాయ్ మలుపులో పడుకున్నాడు. పడుకుంటూ అసిస్టెంటు చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్... ఇవాళ గుండెల్లో పట్టేసినట్టుంది. జనం రాగానే నొక్కెయ్. ఆలస్యం చెయ్యకు."

అసిస్టెంటు ఫోనులో డైరెక్టరుకి చెప్పాడు. డైరెక్టరు కింద వీధిలో కారులో కూర్చుని చిన్న తెర మీద అంతా చూస్తున్నాడు. ఫోను స్పీకరులో ఉంది. పై తలుపు దగ్గర నిలబడ్డ టార్చి చెవులారా విన్నాడు.

"ఆయన శవం. శవానికి గుండె నొప్పేమిటి?"

అసిస్టెంటు నవ్వాడు.

తలుపులు తెరుచుకున్నాయి. జనం దిగారు. మలుపులో లైటు కింద నీలం ముఖంతో పడుకున్న ముసలాయన్ని చూసి ముందున్నవాళ్లు ఆగారు. వెనకవాళ్లు తోశారు. ఒకడు ఫోను తీశాడు.

అసిస్టెంటు గోడ వెనక నుంచి చెయ్యి చాపాడు. అప్పుడే ఫోనులో గొంతు వచ్చింది.

"ఆగు. నొక్కకు. మాటలు బాగా వస్తున్నాయి."

నిజంగానే బాగా వస్తున్నాయి. శవం లేస్తుందేమోనని జనం కదలకుండా నిలబడ్డారు. నిలబడ్డవాళ్ల నోటి దగ్గర మైకు పెడితే అడిగినదానికంటే ఎక్కువే చెప్పారు.

"దెయ్యం సినిమా అన్నారు, భయం వెయ్యలేదు. కామెడీ అన్నారు, పక్కవాడు నవ్వాడు."

"చచ్చినవాడు వచ్చి టీవీ రిమోట్ అడగడమేమిటండీ? మా మామగారు బతికుండగానే అడుగుతారు."

"మొదటి సగం నేను పడుకున్నాను. రెండో సగం మా ఆవిడ పడుకుంది. కలిపి ఇంటికెళ్లి చూసుకుంటాం."

"ఆ ముసలాయన ఒక్కడే చేశాడండీ. మిగతా అందరూ బతికుండి కూడా శవాల్లాగే ఉన్నారు."

ఇది ఒక కళ్లజోడు మనిషి అన్నాడు. బాబాయ్ తల పక్కనే నిలబడి అన్నాడు. జీవితంలో ఆయన గురించి ప్రేక్షకుడు ఒకడు చెప్పిన మంచి మాట అదొక్కటే.

"అది ఆయన విన్నాడో లేదో మాత్రం చెప్పలేనండీ" అన్నాడు టార్చి.

ఎందుకంటే అప్పటికే ఒకావిడ వంగి బాబాయ్ చెయ్యి ముట్టుకుంది.

"చెయ్యి చల్లగా ఉందండీ."

"మేకప్ అమ్మా" అంది మైకు అమ్మాయి. "ఇటు చూసి చెప్పండి, ఎన్ని మార్కులు వేస్తారు?"

ఆవిడ చేతిని చీరకి తుడుచుకుని మార్కులు చెప్పింది.

శవం లేవలేదు. కింద నుంచి కెమెరా మనిషి, "బాబాయ్ ఇక చాలు, లేవండి" అని అరిచాడు. కదలిక లేదు. సినిమావాళ్లందరూ ఒక్కసారి నవ్వారు. వాళ్లకి భోజనాల కథ తెలుసు. వేలు నొక్కనిదే లేవడు కదా! ఎంత పిలిచినా లేవకపోవడం వాళ్లకి ఆయన పనితనంలా కనిపించింది. చూస్తున్న జనానికి చెప్పారు కూడా — మా బాబాయ్ అంటే ఇదీ, తెల్లారేదాకా ఉండమన్నా ఉంటాడు అని. జనం చప్పట్లు కొట్టారు. కొందరు ఆయన్ని దాటుకుని దిగారు. ఒకడు దాటుతూ, "సినిమాలోనే నయం. ఇక్కడ మరీ రబ్బరు బొమ్మలా ఉన్నాడు" అన్నాడు.

అందరికంటే చివర భార్య వచ్చింది.

మైకు అమ్మాయికి ఆవిడెవరో తెలియదు.

"ఎలా ఉందమ్మా సినిమా?"

"బాగుంది. ఆయన లేచారు."

"మరి ఈయన లేస్తాడంటారా?"

"ఆగండి" అంది ఆవిడ. "లేస్తారు."

అని పై మెట్టు మీద కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుంది. నవ్వకూడదని పెదవి బిగించుకుంది. కాసేపటికి మళ్లీ అంది, ఎవరూ అడక్కుండానే — ఆగండి, లేస్తారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వాళ్లు నవ్వితే ఆవిడ కూడా కొంచెం నవ్వింది.

"నేను నొక్కనా?"

"ముట్టుకోకండమ్మా, షాటు పాడవుతుంది" అన్నాడు కెమెరా మనిషి.

చివరికి ఫోను పలికింది. "ఇక నొక్కు."

అసిస్టెంటు చెయ్యి చాపాడు. వేలు మీద వేలు పెట్టాడు... పెట్టి, చటుక్కున తీసేశాడు. నొక్కలేదు. లేచి, గోడ పట్టుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. అతని ముఖం టార్చి చూశాడు.

అప్పుడు భార్య కిందికి దిగి తనే నొక్కింది. మొదట మెల్లగా. తర్వాత గట్టిగా. తర్వాత రెండు చేతులతో.

అదంతా కెమెరాలో ఉంది. వీడియోలో అక్కడిదాకా పెట్టలేదు. "ఆగండి, లేస్తారు" దగ్గర ఆపేసి పెట్టారు. దాని కింద రాతలు టార్చి నాకు తన ఫోనులో చూపించాడు. 'ఈ ముసలావిడకి అవార్డు ఇవ్వాలి.' 'ఓవర్ యాక్షన్. డబ్బులిచ్చి కూర్చోబెట్టారు.' 'సినిమా కంటే ఈవిడే నయం.' విషయం బయటికి పొక్కాక రాతలు ఇంకా పెరిగాయి. 'మరీ ఇంత లీనమైపోవాలా బాబాయ్.' ఆ వీడియో చూసి జనం హాలుకి వచ్చారు. సినిమా ఆడింది. డైరెక్టరు ఆ వీడియోని తీసేయించలేదు. నివాళిగా ఉంచామన్నాడు.

*

"ఆ గొంతు దెయ్యానిది కాదండీ" అన్నాడు టార్చి. "ఆవిడదే."

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆట మొదలయ్యాక ఆవిడ వచ్చేది. టార్చే పక్క తలుపు తీసేవాడు. మలుపుకి పై మెట్టు మీద కూర్చునేది. జనం దిగేటప్పుడు ఎవరైనా ఆగితే, ఆ మాట అనేది. అంతా అయ్యాక ఇంటికి వెళ్లేది. యజమాని ఒకసారి ఆవిడని పంపించెయ్యమన్నాడట. తర్వాత, హాల్లో దెయ్యం ఉందని నలుగురూ అనుకోవడం వ్యాపారానికి మంచిదేనని ఊరుకున్నాడు.

"మరి కాలు?" అన్నాను.

"ఆవిడ కాళ్లు ముడుచుకుని కూర్చునేదండీ. మెట్టు దాటి వచ్చేవి కావు. కాలు సంగతి నన్నడక్కండి."

*

ఏడాది తిరిగేసరికి ఆ అసిస్టెంటే డైరెక్టరయ్యాడు. మెట్ల మీద శవం ఆలోచన తనదేనని చెప్పుకోవడం అతనికి బాగా పనికొచ్చింది. తీసింది మళ్లీ చచ్చి లేచినవాళ్ల కామెడీయే. అదే హాల్లో విడుదలైంది.

మైకు ముందు జనం మర్యాదగా మాట్లాడతారు. అసలు మాట మెట్లు దిగుతూ మాట్లాడతారు. ఆ రహస్యం సినిమా వాళ్లందరికీ తెలుసు. సాయంత్రం ఆట వదిలే వేళకి అతను టోపీ కళ్ల మీదికి లాక్కుని పక్క మెట్ల మలుపులో నిలబడ్డాడు. ఆ మలుపే ఎందుకంటే, అక్కడ చీకటి.

జనం దిగారు.

"ముందు సినిమాని ఉతికి ఆరేశాడు. రంగు పోయింది."

"చచ్చినవాళ్లు లేచారు సరే. నేనే లేవలేకపోయాను, కాళ్లు పట్టేశాయి."

"ఈసారి మెట్ల మీద ఎవరినీ పడుకోబెట్టలేదేం? పడుకోబెడితే ఇదీ ఆడేది."

నవ్వులు. చెప్పుల చప్పుడు. కింద తలుపు మూసుకుంది.

అతను కదలబోయాడు. కాలికి ఏదో తగిలింది.

"ఎవరు?"

"ఆగండి. లేస్తారు."

అతను గోడకి అంటుకుపోయాడు. పైన తలుపు సందులో నిలబడ్డ టార్చికి ఊపిరి చప్పుడు వినిపించింది.

"భయపడకు బాబూ. మీ పిన్నిని. నీ గొంతు పోల్చుకున్నాను."

"పిన్నీ... మీరు ఇక్కడ..."

"ఇన్నాళ్లకి వచ్చావు."

"ఇంటికి వెళ్దాం రండి. కారులో దింపుతాను."

"వెళ్తాం. నేను నొక్కితే లేవలేదు బాబూ. ఇంట్లో అయితే నేను నొక్కినా లేస్తారు. ఇది షూటింగు. నువ్వు నొక్కాలి కదా."



"బాబాయ్ లేరు పిన్నీ" అన్నాడు.

"ఒక్కసారి నొక్కు. నొక్కి వెళ్లిపో. నేనింకేమీ అడగను... ఎందుకు నొక్కలేదని కూడా అడగను."

ముసలావిడని వదిలించుకోవడానికే అతను వంగాడని టార్చి నమ్మకం. బట్టల చప్పుడైంది. చేతిని సిమెంటు మీద ఈడ్చిన చప్పుడైంది. ఆ చెయ్యి ఆగింది.

"పిన్నీ" అన్నాడు. "మీ కాలు... పైకి తీసుకోండి."

"నా కాళ్లు నా దగ్గరే ఉన్నాయి బాబూ."

పైకి ఎక్కిన చప్పుడూ లేదు, కిందికి దిగిన చప్పుడూ లేదు.

టార్చి లైటు వేశాడు. ఆవిడ పై మెట్టు మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. కింద మలుపులో అతను వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చేతులు రెండూ పక్కలకి ఆనించి, మడమలు కలిపి, కళ్లు మూసుకుని. బూట్లు విప్పి గోడ వారన జతగా పెట్టి ఉన్నాయి. ఎప్పుడు విప్పాడో వినిపించలేదు. ఛాతీ కదలడం లేదు.

బాల్కనీలో ఆఖరున మిగిలిన జంట ఒకటి అప్పుడే టార్చిని దాటుకుని దిగింది.

"ఓహో, దీనికీ పెట్టారా" అంది ఆమె.

భర్త అతన్ని దాటుతూ ఒకసారి వంగి చూశాడు. "పాతాయనే నయం" అన్నాడు. వెళ్లిపోయారు.

టార్చి లైటు అలాగే పట్టుకున్నాడు. ఆవిడే లేచింది. ఒక్కొక్క మెట్టూ దిగింది. పాదాల దగ్గర కూర్చుని మేజోడు లాగేసి, బొటనవేలు పట్టుకుంది. మెల్లగా నొక్కింది.

అతను లేచాడు. ముందు మోచెయ్యి ఆనించి, తర్వాత మెడ తిప్పి, ఒక్క క్షణం ఆగి — ముసలివాళ్లు లేచినట్టు లేచాడు. ఆవిడ వైపు చూశాడు.

"ఎలా వచ్చింది?" అన్నాడు.

ఆ గొంతు అతనిది కాదు. టార్చి నాకు ఈ మాట రెండుసార్లు చెప్పాడు.

"బాగా వచ్చింది" అంది ఆవిడ. "పదండి, ఇంటికి వెళ్దాం."

చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. బూట్లు అక్కడే ఉండిపోయాయి.

*

ఇప్పుడతను ఆవిడ ఇంట్లోనే ఉంటున్నాడు. కిటికీ పక్కన ఒక పాత కుర్చీ ఉంది, అందులోనే కూర్చుంటాడు. పొద్దున ఆవిడ వేలు నొక్కితేనే లేస్తాడు. హాలుకి ఆవిడ రావడం మానేసింది. మలుపులో కాలు తగలడమూ ఆగిపోయింది. యజమాని బల్బు పెట్టించాడు, మాడలేదు.

భయానికి మనసు దెబ్బతిందని, మెల్లగా కుదురుకుంటాడని డాక్టరు చెప్పాడట. అయి ఉండవచ్చు. గొంతు మాటేమిటని అడిగితే డాక్టరు దగ్గర దానికీ ఏదో పేరుంది.

అతని తల్లి కొడుకుని తీసుకెళ్దామని వచ్చింది. దారి చూపించడానికి టార్చి వెంట వెళ్లాడు. ఆమె గుమ్మంలోనే ఏడుస్తూ నిలబడి, పద నాన్నా అంది. కుర్చీలోని మనిషి లేచి నిలబడి, ఎంతో మర్యాదగా చేతులు జోడించాడు. ఆమె ఎవరో గుర్తుపట్టిన జాడ లేదు.

"కూర్చోండి అమ్మగారూ" అన్నాడు. "మా సినిమా చూశారా? తప్పకుండా చూడండి. అందులో నేను లేస్తాను."